కారు రేణిగుంట దాటి చెన్నైకి పోతోంది: తిరుపతి–కువైట్ విమానం కోసం బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి,
కువైట్‌కు విమానాలు నడుపుతున్న భారత, కువైట్ సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

రేణిగుంటలో ఉన్న తిరుపతి విమానాశ్రయం నుంచి కువైట్‌కు నేరుగా ఒక విమానం కావాలి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. ఆ మాట అడగడానికే ఈ లేఖ. నేను రాజంపేట వాడిని. వయసులో ఉన్నప్పుడు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా పనిచేశాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నా, మా ఇంటి నుంచి, మా వీధి నుంచి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. వాళ్లను విమానం ఎక్కించి రావడం, వచ్చేవాళ్లను తీసుకురావడం మా అందరి పనుల్లో ఒక పని అయిపోయింది.

పాత కడప జిల్లా తూర్పు, దక్షిణ భాగం సంగతి మీకు తెలిసే ఉంటుంది. రైల్వే కోడూరు, ఓబులవారిపల్లె, చిట్వేలి, పుల్లంపేట, రాజంపేట, నందలూరు, సుండుపల్లె, రాయచోటి, లక్కిరెడ్డిపల్లె, గాలివీడు. ఈ మండలాల్లో కువైట్‌తో సంబంధం లేని వీధి దొరకడం కష్టం. మగవాళ్లు డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, మేస్త్రీలుగా, దుకాణాల్లో పనివాళ్లుగా పోతారు. ఆడవాళ్లు ఇళ్లలో పనికి పోతారు. వానలు లేక చేను ఎండినప్పుడు, బోరు అడుగంటినప్పుడు, ఆడపిల్ల పెళ్లి చేయాల్సి వచ్చినప్పుడు మావాళ్లకు ముందుగా గుర్తొచ్చేది కువైటే. ఇక్కడి మేడలు, దర్గాల దగ్గర అన్నదానాలు, గుళ్లకు కొత్త గోపురాలు, పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు, అన్నీ దినార్లలోంచి వచ్చినవే. కువైట్‌లో ఉన్న విదేశీయుల్లో భారతీయులే ఎక్కువ, దాదాపు 10 లక్షల మంది. అందులో తెలుగువాళ్లు, ముఖ్యంగా మా కడప వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమంది ఉన్నారో శుక్రవారం సాయంత్రం కువైట్ నగరంలోని మాలియాలో ఒక గంట నిలబడితే కళ్లకు కనిపిస్తుంది.

ఇక దూరం సంగతి. భూగోళం మీద నేరుగా కొలిస్తే రేణిగుంట విమానాశ్రయం నుంచి కువైట్‌కు సుమారు 3,680 కిలోమీటర్లు. చెన్నై మీనంబాకం నుంచి కువైట్‌కు సుమారు 3,780. అంటే రేణిగుంట కువైట్‌కు 100 కిలోమీటర్లు దగ్గర. మావాళ్లు పడమటికి పోవాల్సినవాళ్లు. అయినా ముందు ఆగ్నేయంగా చెన్నై దాకా పోయి, అక్కడ విమానమెక్కి, వచ్చిన దారికి వ్యతిరేకంగా తిరిగి పడమటికి ఎగురుతారు. గాల్లో పట్టే కాలం చెప్పుకోవాలంటే అటు పోయేటప్పుడు అయిదు గంటలు, కాస్త అటూ ఇటూ. వచ్చేటప్పుడు కొంత తగ్గుతుంది. ముఖ్యంగా చలికాలంలో పైన పడమటి గాలి బలంగా వీస్తుంది కాబట్టి, ఆ గాలి వెనకనుంచి తోస్తుంటే అరగంట దాకా కలిసొస్తుంది.

గడియారం మాత్రం ఇంకో లెక్క చెబుతుంది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 11కి బయల్దేరిన మనిషి ఇక్కడ ఉదయం ఆరు దాటాక దిగుతాడు. వాచీ ప్రకారం ఏడు గంటలకు పైగా గడిచినట్టుంటుంది గానీ అతను కూర్చున్నది అయిదు గంటల లోపే. మొదటిసారి పోయేవాళ్ల ఇళ్లలో ఈ లెక్క తెలియక ఎంత కంగారు పడతారో చూశాను. "పదికే దిగాల్సింది, ఇంకా ఫోను రాలేదు" అని తల్లి గుమ్మంలో నిలబడుతుంది. అక్కడ పది కావడానికి ఇంకా రెండున్నర గంటలుంది.

అయితే విమానం గాల్లో ఉండే అయిదు గంటల గురించి కాదు నా బాధ. ఆ అయిదు గంటలకు ముందు, వెనక ఉన్న కాలం గురించి. రాజంపేట నుంచి చెన్నై విమానాశ్రయానికి 200 కిలోమీటర్ల పైమాట. కోడూరు, మామండూరు, రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోవాలి. బాలపల్లె దగ్గర అడవి, రాత్రిపూట ఎదురొచ్చే లారీలు, తిరువళ్లూరు దాటాక నగరం రద్దీ. మామూలుగా నాలుగున్నర, అయిదు గంటలు. కానీ విమానం తప్పిపోతుందన్న భయంతో ఎవరూ ఆ లెక్కకు బయల్దేరరు. తెల్లవారుజాము విమానానికి ముందు రోజు మధ్యాహ్నం అన్నం తినగానే కారెక్కేస్తారు. మూడు గంటల ముందు కౌంటరు దగ్గర ఉండాలి. దానికి మూడు గంటల ముందు బయట ఫుట్‌పాత్ మీద ఉంటారు. అయిదు గంటల ప్రయాణం ఇలా ఒక పగలు, ఒక రాత్రి తినేస్తుంది. రాయచోటి వాళ్లు బెంగళూరు పోతారు, లేదా ఇంకా దూరమైన హైదరాబాద్ పోతారు. టికెట్టు ఎక్కడ నాలుగు వేలు తక్కువుంటే అక్కడికి. ఆ నాలుగు వేలు కారు బాడుగకే సరిపోతాయి.

ఈ దారిలో ఒక చోటు ఉంది. రేణిగుంట కూడలి. కడప వైపు నుంచి వచ్చే కారు అక్కడికి చేరేసరికి విమానాశ్రయం బోర్డు కనిపిస్తుంది. అటు తిరిగితే కొద్ది నిమిషాల్లో టెర్మినల్. ఆ బోర్డు మీద ఉన్నది అంతర్జాతీయ విమానాశ్రయం పేరే. కారు అటు తిరగదు. నేరుగా పుత్తూరు వైపు పోతుంది, ఇంకో మూడు గంటలు, మూడున్నర గంటలు. వెనక సీట్లో పిల్లలు, పైన క్యారియర్ మీద తాడుతో కట్టిన పెట్టె, ఆ పెట్టె మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు, కువైట్ నంబరు, ఇక్కడి నంబరు. విమానం ఎక్కాల్సిన మనిషి విమానాశ్రయం పక్కనుంచే పోతున్నాడు. ఈ ఒక్క దృశ్యం మీ అధికారులు ఒక రాత్రి ఆ కూడలిలో నిలబడి చూస్తే నా లేఖలో మిగతాదంతా చదవక్కర్లేదు.

తిరుపతి విమానాశ్రయంలో 2015 అక్టోబరు 22న ప్రధాని చేతుల మీదుగా గరుడ టెర్మినల్ ప్రారంభమైంది. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. ఆరోజు మా ఊళ్లలో పటాకులు కాల్చారు, ఇక కువైట్‌కు ఇక్కడినుంచే అనుకున్నారు. ఏళ్లు గడిచాయి. ఈ లేఖ రాసే నాటికి అక్కడినుంచి విదేశానికి క్రమం తప్పక నడిచే విమానం ఒక్కటీ లేదు. హైదరాబాద్, ముంబై లాంటి ఊళ్లకు ఎయిర్‌బస్ 320 రకం విమానాలు వచ్చిపోతూనే ఉన్నాయి. కువైట్‌కు పోవడానికి ఇంతకన్నా పెద్ద విమానం అక్కర్లేదు. చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయేవాటిలో చాలా భాగం ఈ రకానివే. 3,700 కిలోమీటర్లు దానికి సులువైన దూరం. ఎండాకాలం మా రేణిగుంట వేడికి మధ్యాహ్నం పూట నిండు బరువుతో పైకి లేవడం కష్టమంటారేమో. రాత్రిపూట నడపండి. గల్ఫ్ విమానాలు ఎలాగూ ఎక్కువగా రాత్రివే.

మరి అడ్డేమిటి? ఇక్కడే నాకు అర్థమైన సంగతి మీ ముందు పెడతాను. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే ఇమిగ్రేషన్ హోంశాఖ చేతిలో ఉంది. సామాను చూసే కస్టమ్స్ ఆర్థిక శాఖది. టెర్మినల్, రన్‌వే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. కువైట్‌తో సీట్ల ఒప్పందం పౌర విమానయాన శాఖది. విమానం పెట్టాలా వద్దా అన్నది సంస్థల నిర్ణయం. ఎవరిని అడిగినా పక్కవాళ్లను చూపిస్తారు. విమానం వస్తే సిబ్బందిని వేస్తామని ఒకరు, సిబ్బంది ఉంటే విమానం పెడతామని ఇంకొకరు. అన్నిటికన్నా పైన ఒక మాట చెబుతారు: అక్కడినుంచి కువైట్‌కు ప్రయాణికులున్నట్టు లెక్కలు లేవు.

లెక్కలు ఎలా ఉంటాయి? పుల్లంపేట నుంచి పోయిన మనిషి చెన్నైలో ఎక్కితే అతను చెన్నై ప్రయాణికుడు. చిన్నమండెం నుంచి పోయిన ఆడకూతురు బెంగళూరులో ఎక్కితే బెంగళూరు ప్రయాణికురాలు. మావాళ్లు అందరూ పక్క రాష్ట్రాల ఖాతాల్లో పడ్డారు. రేణిగుంట ఖాతాలో సున్నా ఉంది. ఆ సున్నా చూపించి ఇక్కడ గిరాకీ లేదంటున్నారు. గిరాకీ లేక సున్నా రాలేదు, విమానం లేక వచ్చింది. బావి తవ్వకముందే నీళ్ల లెక్క అడిగినట్టుంది ఈ పద్ధతి.

నిజమైన లెక్క కావాలంటే అది ప్రభుత్వం దగ్గరే ఉంది. గల్ఫ్ లాంటి చోట్లకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టును ఈసీఆర్ అంటారు; దానితో పోయే ప్రతి మనిషి వివరాలు కేంద్రం వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదవుతాయి. పాస్‌పోర్టు రికార్డుల్లో చిరునామా ఉంటుంది, పిన్‌కోడ్‌తో సహా. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి కువైట్‌కు పోయినవాళ్లలో పాత కడప, చిత్తూరు జిల్లాల చిరునామా ఉన్నవాళ్లు ఎందరో తీయడం ఇమిగ్రేషన్ వాళ్లకు పెద్ద పని కాదు. ఎవరి పేరూ బయటపెట్టక్కర్లేదు, సంఖ్య చాలు. ఆ సంఖ్య విమాన సంస్థల ముందు పెట్టండి. రాష్ట్ర ప్రభుత్వానికి నా మొదటి విన్నపం ఇదే: ఆ లెక్క కేంద్రాన్ని అడిగి తీసుకోండి.

సీట్లు లేవని కూడా ఇప్పుడు అనలేరు. కువైట్‌తో మన ఒప్పందంలో చాలా ఏళ్లు వారానికి 12,000 సీట్ల పరిమితే ఉండేది. 2025 జులైలో దాన్ని 18,000కు పెంచారు. పెరిగిన 6,000లో మేం అడుగుతున్నది ఎంత? 180 సీట్ల విమానం వారానికి రెండుసార్లు అంటే 360 సీట్లు. పెరిగినదాంట్లో వందకు ఆరు. కువైట్ సంస్థలు రావాలంటే ఒప్పందంలో తిరుపతి పేరు చేరాలి, దానికి సమయం పడుతుంది, అర్థం చేసుకోగలను. భారతీయ సంస్థలకు ఆ చిక్కు లేదు.

మంత్రి గారూ, మీరు శ్రీకాకుళం బిడ్డ. పొట్టకూటి కోసం ఊరు వదలడమంటే ఏమిటో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే ఇంకాస్త చొరవగా కొన్ని సంగతులు రాస్తున్నాను.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా మామ అక్కడ ఉన్నాడు. విమానాశ్రయం మూతపడింది. బస్సుల్లో బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడినుంచి ఎడారిలో జోర్డాన్ సరిహద్దు, గుడారాల్లో నీళ్ల కోసం వరసలు, చివరికి అమ్మాన్. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు బొంబాయికి మనవాళ్లను తీసుకొచ్చాయి. లక్షకు పైగా మందిని రెండు నెలల్లో దాటించిన ఆ విమానాలను మా తరం చేతులెత్తి మొక్కుతుంది. విమానం ఎక్కడానికి ముందు వెయ్యి కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద పోవాల్సి వచ్చిందంటే అది యుద్ధం. బొంబాయిలో దిగి మద్రాసు రైలెక్కి రాజంపేట స్టేషన్లో దిగాడు మామ. పెట్టె లేదు, ఒంటిమీద బట్టలే. స్టేషన్లో ఊరంతా ఉంది. ఆ రోజుల్లో ఈ ప్రభుత్వమే, ఈ శాఖే, గిరాకీ లెక్కలు అడగకుండా మావాళ్లను ఇంటికి చేర్చింది. మొన్న 2025 జూన్‌లో గల్ఫ్ గగనతలం కొన్ని గంటలు మూసేసినప్పుడు కూడా మా ఊళ్లలో ఎవరూ నిద్రపోలేదు. విమానాలు మళ్లీ మొదలయ్యాయన్న వార్త రాగానే అందరం ముందు అడిగింది "చెన్నైది ఎప్పుడు?" అనే. మా విమానం ఏదంటే చెన్నైదే అని నాలుకకు అలవాటైపోయింది.

సెలవుల సంగతి చూడండి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఏడాదికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. చట్టంలో ఉన్నదంతా చేతికి అందదు. చాలామంది రెండేళ్లకోసారి వస్తారు. ఆ సెలవులో ఒక రోజు రావడానికి, ఒక రోజు పోవడానికి కొట్టుకుపోతే భరిస్తారు. కానీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు? మా వీధిలో ఒక తమ్ముడు కువైట్‌లోని ఫర్వానియాలో డ్రైవరు. తల్లి మధ్యాహ్నం కన్నుమూసింది. కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, మంచివాడు, వెంటనే పాస్‌పోర్టు చేతిలో పెట్టి టికెట్టు కూడా తీశాడు. రాత్రి విమానం. చెన్నైలో తెల్లారి దిగాడు. సామాను లేదు, చేతి సంచీతో పరుగెత్తుకుంటూ బయటికొచ్చి కారెక్కాడు. తిరువళ్లూరు దగ్గర రద్దీలో ఇరుక్కున్నాడు. ఇక్కడ జనాజా ఆపారు, మధ్యాహ్నం జుహర్ నమాజు దాకా ఆపారు, ఆ తర్వాత ఇంకో అరగంట. ఎండాకాలం. పెద్దలు ఇక ఆగలేమన్నారు. అతను కోడూరు దాటేసరికి ఖబరస్తాన్‌లో మట్టి వేసేశారు. రేణిగుంటలో దిగి ఉంటే జుహర్‌కు చాలా ముందే తల్లి ముఖం చూసేవాడు. ఇది నేను ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మూడు గంటల రోడ్డు అంటే మా ఇళ్లలో ఏమిటో తెలియాలని చెబుతున్నాను.

అక్కడ చనిపోయినవాళ్లు కూడా ఆ దారినే రావాలి. శవపేటిక చెన్నైకో, హైదరాబాద్‌కో, బెంగళూరుకో వస్తుంది. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్రం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉచితంగా అంబులెన్సు ఇస్తోంది, అది నిజంగా గొప్ప సాయం, చేతులెత్తి దండం పెడతాం. కానీ చెన్నై నుంచి వచ్చే ఆ అంబులెన్సు కూడా రేణిగుంట కూడలి మీదుగానే వస్తుంది.

విమాన సంస్థల వాళ్లకు నాలుగు మాటలు.

ఇప్పటికే తిరుపతి నుంచి హైదరాబాద్‌కో, ముంబైకో పోయి అక్కడ కువైట్ విమానం పట్టుకోవచ్చు కదా అని మీరు అంటారు. ఒకే టికెట్టుగా తీసుకుంటే అది కొంత నయమే. మా ఏజెంట్లలో చాలామంది విడివిడిగా రెండు టికెట్లు తీస్తారు, ఎక్కడ చవకైతే అక్కడ. అప్పుడు మొదటి విమానంలో 15 కిలోలే, రెండోదాంట్లో 30. కువైట్ నుంచి రెండేళ్ల తర్వాత వచ్చే మనిషి పెట్టెలో పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, ఖర్జూరం, అత్తరు, పిల్లలకు బూట్లు ఉంటాయి. హైదరాబాద్‌లో కౌంటరు దగ్గర పెట్టె విప్పి, ఏది వదలాలో తేల్చుకోలేక కన్నీళ్లు పెట్టుకున్న ఒక చెల్లెలిని చూశాను. కూతురి కోసం తెచ్చిన దుప్పటి తీసి పక్కన పెట్టింది. దాని బరువుకు కట్టాల్సిన డబ్బు దుప్పటి ధరకన్నా ఎక్కువ. ఇక దుబాయ్, అబుదాబి, మస్కట్ మీదుగా మారి పోయే టికెట్లు ఉన్నాయి. చదువు రాని, మొదటిసారి పోతున్న ఆడమనిషికి అర్ధరాత్రి పరాయి దేశపు విమానాశ్రయంలో గేటు నంబరు వెతుక్కోవడం ఎంత భయమో మగవాళ్లకు, చదువుకున్నవాళ్లకు ఊహకందదు. నేరుగా పోయే విమానానికి ఒక ధైర్యం ఉంది: ఇక్కడ ఎక్కితే అక్కడే దిగుతాం.

కూలిజనం ప్రయాణంలో లాభం తక్కువ, సీజనులోనే నిండుతుంది అన్నది మీ ఇంకో మాట. కొంత నిజం ఉంది. రంజాన్ ముందు, వేసవి సెలవులకు నిండిపోతాయి, మధ్యలో పలచబడతాయి. కానీ తిరుపతి మామూలు ఊరు కాదు. కువైట్‌లో, చుట్టుపక్కల గల్ఫ్ దేశాల్లో ఉన్న తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు సెలవుకు వస్తే తిరుమల కొండెక్కకుండా పోవు. వాళ్లందరూ ఇప్పుడు చెన్నైలో, బెంగళూరులో దిగి కార్లలో వస్తున్నారు. చిత్తూరు జిల్లా వాళ్లు, నెల్లూరు జిల్లా దక్షిణ భాగం వాళ్లు, వేలూరు ఆసుపత్రికి వచ్చేవాళ్లు, వీళ్లకు కూడా రేణిగుంట దగ్గరే.

విమానం కడుపులో సరుకు కూడా ఉంటుంది. కోడూరు చుట్టూ మామిడి, అరటి, బొప్పాయి, నిమ్మ తోటలు ఎటు చూసినా అవే. అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల, పరిశోధన స్థానం పెట్టింది కూడా అందుకే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి ఓడరేవుకు అరటికాయలతో ప్రత్యేక రైలు నడిచింది, ఆ కాయలు విదేశాలకు పోయాయి. అరటికి ఓడ పరవాలేదు. కోడూరు బొప్పాయి, బేనీషా మామిడి, కూరగాయలు, తిరుపతి పూలు ఓడ కోసం ఆగలేవు. తోటకు 50 కిలోమీటర్లలో ఉన్న విమానాశ్రయం నుంచి అయిదు గంటల్లో కువైట్‌లో దిగితే రైతుకు వచ్చే ధర వేరు. సీట్లు ఖాళీగా ఉన్న వారాల్లో ఈ సరుకు మీకు ఆసరా. దీని కోసం రేణిగుంటలో చిన్న చల్లని గిడ్డంగి, మొక్కల క్వారంటైన్ తనిఖీ ఉండాలి. అది రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు కలిసి చేయాల్సిన పని.

కేరళను చూసి నేర్చుకోమని అనడానికి నాకు మొహమాటం లేదు. ఆ రాష్ట్రంలో నాలుగు అంతర్జాతీయ విమానాశ్రయాలు ఉన్నాయి. తిరువనంతపురం, కోజికోడ్ సరే. కొచ్చి విమానాశ్రయం కోసం గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు డబ్బు పెట్టారు, 1999లో అది తెరుచుకుంది. 2018 డిసెంబరు 9న కన్నూరు తెరిచిన రోజే మొదటి విమానం అబుదాబికి ఎగిరింది. మలయాళీ నర్సు, మలయాళీ డ్రైవరు ఇంటికి గంటన్నర, రెండు గంటల దూరంలో దిగుతాడు. మావాళ్లు కూడా వాళ్ల పక్కనే, అవే ఇళ్లలో, అవే ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. సెలవుకు ఒకే రాత్రి ఇద్దరూ బయల్దేరితే మలయాళీ తన ఇంట్లో చాయ తాగే వేళకు మావాడు ఇంకా మీనంబాకం బయట కారు కోసం చూస్తుంటాడు.

రాష్ట్ర ప్రభుత్వానికి ఇది కొత్త దారి కాదు. 2018 డిసెంబరులో విజయవాడ–సింగపూర్ విమానం మొదలైనప్పుడు ఖాళీ సీట్ల నష్టం రాష్ట్రమే భరిస్తానని ముందుకొచ్చింది. అప్పుడు నడిచింది, తర్వాత ఆగింది, 2025 నవంబరులో మళ్లీ మొదలైంది. సింగపూర్ పెట్టుబడుల కోసం ఆ సాయం చేసినప్పుడు, కువైట్ నుంచి నెలనెలా ఇంటికి డబ్బు పంపే ఆడకూతురి కోసం చేయలేమా? ఒక్క ఏడాది చేయండి. మొదటి ఆరు నెలల్లోనే ఖాళీ సీట్లు ఎన్నో తేలిపోతాయి. ఏడాది తర్వాత కూడా నిండకపోతే ఆపేయండి, అప్పుడు మేం నోరెత్తం. ఒక్కసారి కూడా నడపకుండా నిండదు అనొద్దు.

విమానం రావడానికి నెలలు పడుతుందని తెలుసు. ఆలోగా చేయగలిగినవి రెండున్నాయి. ఆర్టీసీ వాళ్లు కువైట్ విమానాల వేళలు చూసుకుని చెన్నై విమానాశ్రయం నుంచి రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా రాయచోటికి రోజుకు ఒక బస్సు వేయాలి, పెట్టెలు పెట్టుకునే డిక్కీలతో. ఆ రాత్రి కారు బాడుగలు, నిద్రమత్తులో నడిపే డ్రైవర్ల చేతుల్లో ప్రాణాలు పెట్టడం తప్పుతుంది. తెల్లవారుజామున మనిషిని దించి తిరిగొచ్చే కార్లు ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు ప్రమాదానికి గురయ్యాయో మా ఊళ్లలో అందరికీ తెలుసు. రెండోది, చెన్నై విమానాశ్రయంలో ఏపీఎన్ఆర్‌టీ తరఫున తెలుగు మాట్లాడే మనిషి ఒకరు రాత్రిపూట ఉండాలి. ఇమిగ్రేషన్‌లో కాగితం తక్కువైందని నిలబెట్టేసిన ఆడమనిషికి ఆ కాగితం ఏమిటో తన భాషలో చెప్పేవాళ్లు కావాలి.

ఇది రాయచోటి, రాజంపేట వాళ్ల మాట మాత్రమే అనుకోవద్దు. కోనసీమ, నరసాపురం వాళ్లదీ ఇదే అవస్థ, వాళ్లు అడిగే విమానాశ్రయం వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు దుబాయ్‌కో, సౌదీకో పోవడానికి శంషాబాద్ దాకా రాత్రంతా ప్రయాణిస్తారు. వాళ్లకు కనీసం తమ రాష్ట్రంలో, తమ భాషలో విమానాశ్రయం ఉంది.

విమానాల వేసవి పట్టిక మార్చి ఆఖరి ఆదివారం నుంచి, శీతాకాలం పట్టిక అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి మొదలవుతాయి. ఏ వేళకు ఏ విమానం అన్నది అంతకు నెలల ముందే తేలిపోతుంది. అందుకే తేదీ లేని హామీ మాకు వద్దు. హోంశాఖ, ఆర్థిక శాఖ అధికారులను, విమానాశ్రయ డైరెక్టరును, రెండు మూడు విమాన సంస్థల ప్రతినిధులను, రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శిని ఒక గదిలో కూర్చోబెట్టండి. విమానం వచ్చే రెండు రాత్రుల కోసం ఇమిగ్రేషన్, కస్టమ్స్ సిబ్బందిని ఎక్కడినుంచి పంపుతారో ఆ రోజే రాసుకోండి. ఆ సమావేశం ఎప్పుడో, అందులో ఏం తేలిందో పత్రికల్లో చెప్పండి. రాబోయే పట్టికలో తిరుపతి–కువైట్ అన్న గీత ఒకటి ఉండేలా చూడండి. మొదటి విమానానికి టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజు రాజంపేట, కోడూరు, రాయచోటిలోని ప్రతి ట్రావెల్స్ దుకాణం ముందు జనాన్ని నిలబెట్టే పూచీ మాది.

భవదీయుడు,
కువైట్‌లో పనిచేసి వచ్చిన ఒక డ్రైవరు,
రాజంపేట